మిరియాలు లేని శోర్వ

మా ఊళ్లో ఎవరైనా దగ్గితే తల తిప్పి చూసేవాళ్లు లేరు. కాగజ్‌నగర్ కాగితం మిల్లు ఊరు. ఎటు చూసినా వెదురు గుట్టలు, వెదురును ముక్కలు చేసే మరల చప్పుడు, దాని దుమ్ము, ఆ పైన మిల్లు మందుల కంపు. కొత్తగా రైలు దిగినవాళ్లు ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. కొన్నాళ్లకు వాళ్లూ మాతోపాటు దగ్గుతారు. "దగ్గు పట్టిందంటె ఊరు పట్టినట్టే" అనేది మా అత్త. అందుకే నా దగ్గును ఎవరూ లెక్క చేయలేదు. నేనూ చేయలేదు.

ఇప్పుడు నయమైంది. నయమైందని డాక్టరు చెప్పి కూడా ఏడాది దాటింది. అయినా పొద్దున లేచి గొంతు సవరించుకోవాలంటే నాకు భయమే. గొంతు సవరిస్తే దగ్గు వస్తుందేమో, దగ్గు వస్తే నోటికి పెట్టుకున్న గుడ్డ విప్పి చూసుకోవాలేమో. ఈ భయం నాకు వదలని చుట్టంలా తయారైంది. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే కాస్త అణుగుతుందేమోనని ఇది రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఏదో ఒక పొయ్యి దగ్గర నాలాగే దగ్గుతూ కూర్చున్న ఆడవాళ్లు ఇంకా ఉంటారు. వాళ్లకు మిరియాల సంగతి చెప్పాలి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటి ఏడు, వానాకాలం

మా ఆయన యోహాను మిల్లులో పని చేసేవాడు. ఆదివారం మాత్రం ఆయన మిల్లు మనిషి కాదు, గోల్‌కీపర్. పొద్దున చర్చికి వెళ్లి వచ్చేవాళ్లం. ప్రార్థన అవుతున్నంతసేపూ ఆయన కాళ్లు నేల మీద ఆడుతూనే ఉండేవి. పాదిరిగారు ఒకసారి ప్రసంగం ఆపి, "యోహానూ, దేవుడు కూడ మ్యాచుకు వస్తడు, జర ఓపిక పట్టు" అన్నారు.

మధ్యాహ్నం నుంచి మా ఆడవాళ్ల పని మొదలయ్యేది. మైదానంలో గోల్ స్తంభాల వెనక మూడు రాళ్లు పెట్టి పెద్ద గంజు ఎక్కించేవాళ్లం. మేకకాళ్ల శోర్వ. ఆటగాళ్ల ఇళ్లన్నీ కలిసి వండేవి. ఒకరింటి నుంచి కాళ్లు, ఒకరింటి నుంచి ఉల్లిగడ్డలు, ఎల్లిగడ్డలు, ఒకరు కొత్తిమీర, ఇంకొకరు కట్టెలు. కాళ్లు కాల్చి, గీకి, కడిగి గంజులో వేస్తే ఆట అయిపోయేదాకా అవి ఉడకాల్సిందే. గెలిచినా ఓడినా శోర్వ ముందు బయటి ఊరి జట్టుకు పోయాలి. అది మేము పెట్టుకున్న కట్టుబాటు. ఆ తర్వాతే మావాళ్లకు, పిల్లలకు, చివరికి మాకు.

ఈ వంటకు పెద్ద లచ్చక్క. మా గోడకు గోడ ఆనుకున్న ఇల్లు. సుల్తానాబాద్ దగ్గర మగ్గం నేసుకుని బతికేవాళ్లు, మగ్గం మీద పొట్ట నిండక ఆమె భర్త రాజయ్య మిల్లుకు వచ్చాడు. బంతి ఆటలో ఆయన మా ఆయన ముందు నిలబడేవాడు, వచ్చిన ప్రతివాణ్నీ అడ్డుకునేవాడు. మసాలా లచ్చక్క నూరేది. ఉప్పు చూడటం మాత్రం నా వంతు. గంటెతో ఇంత అరచేతిలో పోసుకుని, ఊది, నాలుకకు తాకించి "సరిపోయింది" అనేదాకా ఎవరూ గిన్నె ముంచకూడదు. నా నాలుక మీద వాళ్లకు అంత నమ్మకం.

మాకు అప్పటికి పిల్లల్లేరు. లచ్చక్క కూతురు సరోజకు అయిదేళ్లుంటాయి. దానికి తన గిన్నె ఉన్నా నా గిన్నెలోదే కావాలి. నా ఒడిలో కూర్చుని, నేను ఒక గుక్క తాగితే అదొక గుక్క తాగేది. "నీ బిడ్డను నాకియ్యి అక్కా" అంటే లచ్చక్క నవ్వేది. "తీసుకపో. రెండు దినాలైతె నువ్వే తెచ్చి అప్పజెప్తవ్."

ఆ వానల్లోనే నాకు దగ్గు పట్టింది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రవికలు వదులయ్యాయి. పొయ్యి దగ్గర దగ్గుతుంటే లచ్చక్క నా వీపు నిమిరింది.

"ఏమైందే సుగుణా, గట్ల దగ్గుతున్నవ్?"

"ఏం లేదక్కా, పొగ."

"పొగ గాదు. సల్లదనం పట్టింది నీకు. ఆగు, ఇయ్యాల మిరియాలు జర ఎక్కువ ఏస్త."

మా దిక్కు దగ్గుకు మిరియాలు, జలుబుకు శొంఠి, దాన్ని మించిన వైద్యం లేదు. లచ్చక్క బండ మీద మిరియాలు నూరి నా పేరు చెప్పి గంజులో వేసింది. తాగితే గొంతులో వెచ్చగా దిగింది, ఆ రాత్రి కాస్త నిద్ర పట్టింది. ఇంకేం, మందు దొరికిందనుకున్నాం. పై ఆదివారం ఇంకాస్త, ఆపై ఆదివారం ఇంకాస్త. నా దగ్గు పెరిగే కొద్దీ మా మిల్లు కాలనీ తాగే శోర్వలో ఘాటు పెరిగింది. పిల్లలు ముక్కులు తుడుచుకుంటూ తాగేవాళ్లు. బెల్లంపల్లి నుంచి వచ్చిన జట్టులో ఒకాయన గిన్నె కింద పెట్టి, "ఓడగొట్టింది సాలదా, నోర్లు గూడ కాల్చి పంపుతరా?" అన్నాడు. అందరం పడి పడి నవ్వాం. నవ్వితే నాకు దగ్గు ఆగలేదు.

తర్వాత ఆ నవ్వు తలుచుకుంటే, అంతమంది మధ్య ఎంతసేపు దగ్గానో గుర్తొచ్చేది.

దసరాకు ముందు

ఆ ఆదివారం మంచి పోటీ జరుగుతోంది. బంతి మావైపు వస్తోంది. సరోజ నా ఒడిలో ఉంది. లోపలి నుంచి ఏదో తన్నుకొచ్చినట్టు దగ్గు వచ్చింది. అంతకు ముందు ఎప్పుడూ అలాంటి దగ్గు రాలేదు. గోల్ ముందు నిలబడ్డ మా ఆయన ఆ దగ్గుకు వెనక్కి తిరిగి చూశాడు. బంతి ఆయన పక్క నుంచి లోపలికి పోయింది.

మైదానమంతా గోల. "ఎవలే ఆ దగ్గేది? దగ్గి దగ్గి గోల్ ఇప్పిచ్చింది!" అని ఎవరో అరిచారు. నవ్వులు. నేను కొంగు నోటి నుంచి తీసి చూసుకున్నాను. ఎర్రగా ఉంది. వెంటనే కొంగు మడిచి పిడికిట్లో దాచాను. నాకు ముందు గుర్తొచ్చింది నా ప్రాణం కాదు. నా ఒడిలో, నా గిన్నె పట్టుకుని, మూతి చుట్టూ శోర్వ పూసుకుని కూర్చున్న సరోజ.

దాన్ని దింపేశాను. గట్టిగానే దింపానేమో, ఏడ్చింది. లచ్చక్క నా ముఖం చూసింది, నా పిడికిలి చూసింది.

దసరా తర్వాత

పెద్ద దవాఖానకు రైల్లో వెళ్లాలి. నేనూ, మా ఆయనా వెళ్లాం. రైల్లో నేను దగ్గినప్పుడల్లా పక్కవాళ్లు జరిగి కూర్చున్నారు. దవాఖాన బెంచీ మీద మాత్రం ఎవరూ జరగలేదు. అక్కడ అందరూ దగ్గేవాళ్లే. చెబితే నమ్మరు గానీ, ఎన్నో రోజుల తర్వాత అక్కడ నాకు కాస్త ఊపిరాడింది. నా పక్కన ఒక ముసలి తురకామె కూర్చుంది. తన సంచీలోంచి బత్తాయి తీసి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. "పరేషాన్ గాకు బిడ్డా. నా కొడుకు గూడ గిట్లనే ఉండె. ఇప్పుడు బండి తోల్తుండు" అంది. ఆ కొడుకు నిజంగా బండి తోలుతున్నాడో లేదో నాకు తెలియదు. ఆ మాట పట్టుకునే లోపలికి వెళ్లాను.

ఛాతీ ఫొటో తీశారు. డాక్టరు దాన్ని వెలుగుకు పట్టుకుని చూశాడు. టీబీ అన్నాడు. మందులున్నాయని, సూదులు వేయించుకుని, బిళ్లలు మానకుండా మింగితే తగ్గుతుందని చెప్పాడు. నాకు ఆయన పెదాలు కదలడమే కనిపించింది. తర్వాత అడిగిన మాట మాత్రం చెవిలో పడింది.

"ఇంట్లో నీకు దగ్గర దగ్గరగా ఉండేవాళ్లు ఎవరెవరమ్మా?"

మా ఆయన అన్నాను. అత్త అన్నాను. ఆగాను. మా ఆయన నా వైపు చూశాడు.

"పక్కింటి చిన్నపిల్ల. నా గిన్నెలోనే తాగుతది సార్."

"గిన్నెతో కాదమ్మా, నీ దగ్గుతో, నీ ఊపిరితో వస్తుంది. ఆ పిల్లను తప్పకుండా తీసుకురమ్మను."

గిన్నె కాదని తెలిసినా ఊరట కలగలేదు. ఒడిలో కూర్చుని నా ఊపిరే పీల్చింది కదా.

లచ్చక్కకు మా ఆయనే వెళ్లి చెప్పాడు. గోడ అవతల మాటలు వినపడలేదు. కాసేపటికి తలుపు వేసిన చప్పుడు వినపడింది. సరోజకు అప్పటికే నాలుగు రోజులుగా జ్వరం. మెడలో గడ్డ కట్టింది. ఆ మాట విన్న రోజు నేను మింగిన బిళ్లలు అన్నీ కక్కేశాను.

వాళ్లు పిల్లను తీసుకుపోయి ఫొటో తీయించారు. ఇప్పుడే ఏమీ తేల్చలేమని, మందు ఇచ్చి, చలికాలం పోయాక మళ్లీ చూడాలని డాక్టరు చెప్పాడట. చలికాలం పోయేదాకా నేను ఎలా బతకాలో మాత్రం ఏ డాక్టరూ చెప్పలేదు.

క్రిస్మస్ రోజులు

నాకు ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. నా కంచం వేరు, చెంబు వేరు. అత్త మొదట్లో గట్టిగానే మాట్లాడింది.

"తల్లిగారింటికి పంపురా. జమ్మికుంట దిక్కు గాలి మంచిగుంటది."

"ఈడ దవాఖాన ఉన్నది, రైలు ఉన్నది. ఆడ ఏమున్నదే అవ్వా?" అన్నాడు మా ఆయన.

"నాకు నువ్వొక్కనివేరా. నీకేమన్నయితె నేనెట్ల బతకాలె?"

గోడకు తిరిగి పడుకుని అంతా విన్నాను. కోపం రాలేదు. ఆమె భయం, నా భయం ఒకటే. ఆమెకు కొడుకు, నాకు సరోజ. అన్న మాటలు అంది గానీ, నా గుడ్డలు మాత్రం ఎవరినీ ముట్టనివ్వలేదు. తనే వేడినీళ్లలో ఉడకబెట్టి, గొణుగుతూ ఉతికి ఆరేసేది. ఆ గొణుగుడు ఆగితే నేను తలెత్తి చూసేదాన్ని, ఆమెకేమైందోనని.

మా ఆయన ఆట మానేశాడు. ఆదివారం నా మంచం పక్కన కూర్చుని గోళ్లు కొరుక్కునేవాడు. ఒకరోజు నాకు విసుగు పుట్టింది.

"పో. పోయి ఆడు. ఈడ కూసొని నా దగ్గు లెక్కబెడితె తగ్గుతదా?"

"నిన్ను ఇడిసిపెట్టి ఎట్ల పోవాలె?"

"వెనక దగ్గేది లేదు గద, ఇప్పుడన్న బంతి పట్టుకో."

ఆయన నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. వెళ్లాడు.

అప్పటి నుంచి ఆదివారాలు నాకు చెవుల్లోనే జరిగేవి. మైదానం మా ఇంటికి దగ్గరే. అరుపులను బట్టి బంతి ఎటు పోతోందో చెప్పగలిగేదాన్ని. మావాళ్లు గోల్ వేస్తే ఒక రకం కేక, మావాళ్ల మీద పడితే ఒక రకం నిశ్శబ్దం. గాలి ఇటు మళ్లితే శోర్వ వాసన వచ్చేది. ఆ అరుపుల్లో సరోజ గొంతు కోసం వెతికేదాన్ని. ఒక్కసారీ దొరకలేదు.

ఆదివారం పొద్దుగూకే వేళకు మా అరుగు మీద మూత పెట్టిన చిన్న గిన్నె ఉండేది. పెట్టినవాళ్లు కనపడేవాళ్లు కాదు. అత్త తెచ్చి నా చెంబులో పోసేది. "ఎవలు పెట్టిన్రు అత్తా?" అంటే "ఎవలైతేంది, తాగు" అనేది. అది ఆ గంజు శోర్వే. కానీ ఒక్క మిరియం లేదు. మొదటిసారి మరిచిపోయారేమో అనుకున్నాను. ప్రతివారం అంతే. ఎల్లిగడ్డ ఉంది, అల్లం ఉంది, కొత్తిమీర ఉంది. మిరియాలు లేవు.

జబ్బు మనిషి మనసుకు పనేం ఉంటుంది? కనపడిన ప్రతిదాన్నీ తన మీదికే లాక్కుంటుంది. లచ్చక్క నా మీద మండిపడుతోందనుకున్నాను. నీ దగ్గు కోసం నేను మిరియాలు నూరాను, నువ్వు నా బిడ్డకు జబ్బు అంటించావు, ఇక నీ కోసం ఒక్క గింజ నూరను, అని చెప్పకనే చెబుతోందనుకున్నాను. చప్పటి శోర్వ గుటక గుటకకూ ఆ మాటే వినిపించేది. అయినా తాగేదాన్ని. పంపడం మానలేదు కదా అనే ఆశతో తాగేదాన్ని.

క్రిస్మస్ నాడు చర్చి గంటలు విన్నాను. నాకోసం ప్రార్థించబోతే నోరు రాలేదు. "ఆ పిల్ల, ఆ పిల్ల" అని మాత్రం అనగలిగాను.

శివరాత్రి దాటాక

చలి పోయింది. లచ్చక్క, రాజయ్య సరోజను మళ్లీ ఫొటోకు తీసుకుపోయారని అత్త చెప్పింది. ఆ రోజంతా కిటికీ దగ్గరే కూర్చున్నాను. సాయంత్రం బండి కూత వినపడింది. స్టేషన్ నుంచి మా వీధికి రావాల్సిన సమయం దాటినా ఎవరూ రాలేదు. చీకటి పడుతోంది. చెడు కబురు కాబట్టే ఆలస్యమనుకున్నాను.

అప్పుడు వీధిలో రాజయ్య గొంతు వినపడింది. గోల్ పడకుండా అడ్డుకున్నప్పుడు అరిచే గొంతు.

"ఏమీ లేదంట! పిల్లకు ఏమీ లేదంట! గడ్డ గూడ కరిగిందంట!"

ఆయన ఎవరికి చెబుతున్నాడో తెలియదు. వీధంతటికీ చెబుతున్నాడు. నేను కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చాను. అత్త వచ్చి, ఆ రోజు నా కంచమూ చెంబూ సంగతి మరిచి, నా తల తన పొట్టకు అదుముకుంది. ఆలస్యం ఎందుకయ్యిందంటే, సరోజ దారిలో జిలేబీ కావాలని మొండికేసి కూర్చుందట.

లచ్చక్క మాత్రం ఆ రోజూ మా గడప ఎక్కలేదు. ఆదివారం గిన్నె వచ్చింది. మిరియాలు లేవు.

మళ్లీ వానలు

సూదులు అయిపోయాయి. బిళ్లలు ఇంకా కొన్నాళ్లు మింగాలి. నీ వల్ల ఎవరికీ భయం లేదు, నలుగురిలో తిరగవచ్చు అని డాక్టరు చెప్పాడు. ఆయనకేం, చెప్పాడు. తిరగాల్సింది నేను. ఆ ఆదివారం మైదానానికి వెళ్లాను.

నన్ను చూసి గంజు చుట్టూ ఉన్న ఆడవాళ్లు మాట ఆపారు. తర్వాత ఒకామె పీట జరిపింది. లచ్చక్క నా వైపు చూడకుండా పొయ్యిలో వెదురు ముక్కలు తోస్తోంది. కట్టెలు తడిగా ఉన్నాయి. పొగ గుప్పున లేచింది. లచ్చక్కకు దగ్గు వచ్చింది. ఒకసారి కాదు, వంగిపోయి దగ్గింది.

"అయ్యో, లచ్చక్కకు దగ్గు పట్టింది. ఇయ్యాలన్న మిరియాలు జర ఏయుండ్రే" అంది పీట జరిపినామె.

"వద్దు!"

నేనే అరిచాననుకున్నాను. కాదు, లచ్చక్క కూడా అదే మాట, అదే క్షణంలో అరిచింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అన్ని నెలల తర్వాత అదే మొదటిసారి.

"మిరియాలు గాదు అక్కా. రేపు పొద్దుగాల బండికి దవాఖానకు పోదాం" అన్నాను.

"పొగకు దగ్గితె దవాఖాననా?"

"నేను గూడ పొగే అన్న."

మర్నాడు ఇద్దరం అదే బెంచీ మీద కూర్చున్నాం. ఈసారి లోపలికి పిలుపు రావలసింది లచ్చక్కకు. నా జబ్బప్పుడు కూడా నేను అంత భయపడలేదు. ఆమె కొంగు అంచును వేళ్లకు చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఉన్నట్టుండి, నా వైపు తిరగకుండా అంది:

"మిరియాలు ఏసింది నేను."

నాకు అర్థం కాలేదు.

"నిన్ను దవాఖానకు తోల్కపోవాల్సిన నెలలన్ని మిరియాలు నూరుకుంట కూసున్న. రక్తం పడ్డదాక. నీకు ఏ మొఖం సూపియ్యాలె? ఎములాడ రాజన్నకు మొక్కిన. సుగుణ లేచి తిరిగేదాక మిరియం ముట్టనని, నా చేతి వంటల ఎయ్యనని."

"నేను... నీకు నా మీద కోపం అనుకున్న. సరోజకు..."

"పిల్లకు జరమొస్తె భయమైంది. నీ మీద కోపమెందుకే పిచ్చిదానా?"

అప్పుడే లోపలి నుంచి పిలిచారు. నేనూ ఆమెతో వెళ్లాను. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి విన్నాడు, ఫొటో తీయించాడు, వెలుగుకు పట్టి చూశాడు. ఆయన నోరు విప్పేదాకా నేను లచ్చక్క చేయి వదల్లేదు. ఏమీ లేదన్నాడు, పొగకు దూరంగా ఉండమన్నాడు. బయటికి వచ్చాక లచ్చక్క నన్ను తిట్టింది. "గీ పొగ కోసం దినమంత పాడు జేస్తివి!" తిడుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ తిట్టు నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పొగే అయితే తిట్టు తిందాం, ఏం పోయింది? పొగ కాకపోతే మాత్రం, ఒక్క రోజు ముందు తెలిసినా ఒక ప్రాణం దక్కుతుంది. ఇది చదివేవాళ్లు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు.

పై ఆదివారం లచ్చక్క మిరియాలు నూరింది. దగ్గుకు కాదు, రుచికి. గంటెతో శోర్వ తీసి నా అరచేతిలో పోసింది. అందరూ చూస్తున్నారు. నోటి దాకా పోకముందే సగం ఒలికింది. నాలుకకు తాకించి, "సరిపోయింది" అన్నాను. బయటి జట్టు తాగింది, మావాళ్లు తాగారు. సరోజ వచ్చి నా ఒడిలో కూర్చోబోయింది. భయం లేదని డాక్టరు చెప్పినా సరే, నాకు ధైర్యం చాలలేదు. గిన్నె పక్కకు జరిపి, మొహం అటు తిప్పుకున్నాను. పిల్ల అర్థం కాక నిలబడింది.

లచ్చక్క వచ్చి నా పక్కన కూలబడింది. నేను సగం తాగి జరిపిన గిన్నె తీసుకుంది. నేను వద్దనేలోగా ఎత్తి అడుగుదాకా తాగేసింది. మూతి తుడుచుకుని, సరోజను ఎత్తి నా ఒడిలో కూర్చోబెట్టింది.

"ఉప్పు తక్కువైందే సుగుణా. దవాఖాన మందులకు నీ నాలుక పాడైంది" అంది.

బయటి జట్టు తాగేసి పోయింది కూడా. ఉప్పు తక్కువని ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను పిల్లను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో గంజులో ఇంకాస్త ఉప్పు వేశాను.